సడన్ బ్రేకు సాధనకు పల్సర్ ఎన్160: ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు

ఈ రివ్యూలో మైలేజీ, పికప్, ఈఎంఐ సంగతులు ఉండవు. బజాజ్ పల్సర్ ఎన్160ని, అందులోనూ డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ ఉన్నదాన్ని, ఒక్క పనికోసమే చూస్తున్నాం. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ అవకుండా, అంటే తిరగడం ఆగిపోయి జారకుండా, చూసే ఏర్పాటు. డ్యూయల్ ఛానల్ అంటే అది రెండు చక్రాలకీ ఉంటుంది, సింగిల్ ఛానల్ అంటే ముందు చక్రానికే. ఉన్నట్టుండి ఆటో అడ్డం తిరిగితే, డివైడర్ సందులోంచి మనిషి రోడ్డు మీదికి వస్తే, ఆగాలి. ఆగే జాగా లేకపోతే తప్పించాలి. బండి నడపడం వచ్చినంత మాత్రాన ఈ రెండూ వచ్చేయవు, విడిగా సాధన చేయాలి. ఆ సాధనకు ఈ బండి ఎంతవరకు పనికొస్తుంది, మన రోడ్ల మీద దాని బలం ఎక్కడ చాలదు అన్నదే ఇక్కడి లెక్క.

తీర్పు ముందే చెప్పేస్తాను. రోజూ ఆఫీసుకీ ఊరికీ తిరిగే 160 సీసీ బండ్లలో సడన్ బ్రేకు నేర్చుకోవడానికి ఇది మంచి బండి. ఇంజిన్ వల్ల కాదు, వెనక చక్రానికి కూడా ఏబీఎస్ ఉండటం వల్ల. అయితే ఏబీఎస్ ఉంది కదా అని ధైర్యపడి, ఒక్కసారి కూడా లివర్ పూర్తిగా నొక్కి చూడని వాళ్లకి ఆ ఏబీఎస్‌కి పెట్టిన డబ్బు దండగే.

బండిలో ఏముంది

2022 జూన్‌లో ఎన్160 వచ్చినప్పుడు రెండు రకాలుగా అమ్మారు. ఢిల్లీ ఎక్స్ షోరూం ధర సింగిల్ ఛానల్‌ది రూ.1,22,854, డ్యూయల్ ఛానల్‌ది రూ.1,27,853. తేడా ఐదు వేలు. ఆ ఐదు వేలకి వెనక చక్రానికి ఏబీఎస్‌తో పాటు ముందు డిస్కు 280 ఎంఎం బదులు 300 ఎంఎం, ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు ఆపే షాక్ అబ్జార్బర్ల జత) గొట్టాలు 31 ఎంఎం బదులు 37 ఎంఎం వచ్చాయి. వెనక డిస్కు 230 ఎంఎం. బరువు 154 కిలోలు. ముందు టైరు 100/80-17, వెనక 130/70-17. సీటు ఎత్తు 795 ఎంఎం కాబట్టి ఐదడుగుల నాలుగైదు అంగుళాల వాళ్లకి కూడా ఆగినప్పుడు కాలు బాగానే అందుతుంది. 2024లో వచ్చిన పై వేరియంట్‌కి తలకిందుల (అప్‌సైడ్ డౌన్) ఫోర్కు ఇచ్చారు. ఏబీఎస్ ఎంత తొందరగా, ఎంత గట్టిగా కలగజేసుకోవాలో మార్చుకునే రోడ్, రెయిన్, ఆఫ్‌రోడ్ అనే మూడు మోడ్‌లు కూడా దానికి ఉన్నాయి.

చట్టం సంగతి ఇక్కడ ఒక్క ముక్కలో చెప్పాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. కానీ సింగిల్ ఛానల్ ఉన్నా ఆ నిబంధనకి సరిపోతుంది. అందుకే బండి మీద ఏబీఎస్ అని స్టిక్కర్ ఉన్నా, వెనక చక్రం లాక్ అయ్యే బండ్లు రోడ్ల మీద లక్షల్లో తిరుగుతున్నాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అమ్మేవాడి మాట మీద ఆధారపడొద్దు. ఏబీఎస్ యూనిట్ అంటే పిడికిలంత అల్యూమినియం దిమ్మ. దానికి వచ్చి కలిసే బ్రేకు గొట్టాలు లెక్కపెట్టండి. నాలుగుంటే డ్యూయల్, రెండే ఉంటే సింగిల్. ఇన్‌వాయిస్‌లో రాసిన వేరియంట్ పేరు కూడా చూసుకోండి.

వెనక ఏబీఎస్ ఎందుకంత ముఖ్యం

మన దగ్గర బండి నేర్పే పెద్దలు మొదట చెప్పే మాట, ముందు బ్రేకు కొడితే ఎగిరి పడతావు అని. డ్రమ్ బ్రేకులు, సన్న టైర్లు, మట్టి రోడ్లు ఉన్న రోజుల్లో ఆ మాటకి కొంత అర్థం ఉంది. ఇప్పుడు అదే మాట ప్రాణం మీదికి తెస్తోంది. ఎందుకంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి బరువంతా ముందుకి తోసుకొస్తుంది. వెనక చక్రం మీద బరువు తేలిపోతుంది. బరువు లేని చక్రానికి పట్టు ఉండదు. ఆ సమయంలో భయపడ్డ కుడికాలు పెడల్‌ని తొక్కిపారేస్తే వెనక చక్రం లాక్ అయి, తోక పక్కకి తిరుగుతుంది. అక్కడ కంగారుపడి కాలు తీసేస్తే ఇంకా ప్రమాదం. పక్కకి జారుతున్న చక్రం ఒక్కసారిగా పట్టు అందుకుని, మనిషిని బండి మీంచి అవతలి వైపు విసిరేస్తుంది.

భయపడ్డ కాలిని మార్చడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో వెనక ఏబీఎస్ కాపలా కాస్తుంది. ఎన్160కి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

దూరాల లెక్క చూస్తే ముందు బ్రేకు విలువ అర్థమవుతుంది. గంటకి 60 కి.మీ. అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. పొడి తారు రోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా వేసి, ఆ 17లోంచి ప్రతి సెకనుకీ 7 చొప్పున తగ్గించగలిగితే 20 మీటర్లలో ఆగుతారు. భయం భయంగా సగం నొక్కి, సెకనుకి 5 చొప్పున తగ్గిస్తే 28 మీటర్లు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే సెకనుకి 3 దగ్గరే ఉండిపోతుంది, 46 మీటర్లు కావాలి. 20కీ 46కీ మధ్య తేడా అంటే రెండు ఆర్టీసీ బస్సులు వరసగా నిలబెట్టినంత. దీనికి ముందు చూసి, గుర్తించి, చెయ్యి కదపడానికి పట్టే ఒక సెకనుకి ఇంకో 17 మీటర్లు అందరికీ కలపాల్సిందే. 40 వేగంలో అదే లెక్క 9, 12, 21 మీటర్లు అవుతుంది. ఊళ్లలో 40 దాటొద్దనేది ఈ అంకెలు చూసే.

బండిని సిద్ధం చేయడం

షోరూం నుంచి వచ్చిన బండి వచ్చినట్టే సాధనకి తీసుకెళ్లొద్దు. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి 150 కి.మీ. గట్టి బ్రేకులు, వాలుడు వద్దు. కొత్త ప్యాడ్లు కూడా డిస్కుకి ఒరుసుకుని కుదురుకోవాలి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి మీదో మాన్యువల్‌లోనో రాసిన పీఎస్ఐ (గాలి ఒత్తిడి అంకె) ప్రకారమే పెట్టించండి. బంకులో కుర్రాడు అన్ని బండ్లకీ ఒకటే అంకె కొట్టేస్తుంటాడు, చెప్పి పెట్టించుకోవాలి.

తర్వాత లివర్ కోణం. చాలామంది పట్టించుకోరు కానీ సగం సమస్య ఇక్కడే. మామూలుగా కూర్చుని, వేళ్లు లివర్ మీద పెట్టి చూడండి. మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి. మణికట్టు పైకి విరిగినట్టున్నా, కిందికి వంగినట్టున్నా లివర్ క్లాంపు బోల్టులు వదులుచేసి, తిప్పి, మళ్లీ బిగించాలి. ఐదు నిమిషాల పని. మణికట్టు వంగి ఉన్న చేత్తో బ్రేకు నొక్కితే అదే అరచెయ్యి యాక్సిలరేటర్‌ని కొంచెం తిప్పేస్తుంది. బ్రేకు, రేజు రెండూ ఒకేసారి అన్నమాట. వెనక పెడల్ ఎత్తు కూడా చూడండి. పాదం మామూలుగా ఆనినప్పుడు పెడల్ మీద ఒత్తిడి పడకూడదు, వేళ్లు కొంచెం వంచితే చాలు అందాలి.

తాళం తిప్పగానే మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలగాలి, బండి కదిలి కొద్ది మీటర్లు పోయాక ఆరిపోవాలి. ఆరకపోతే ఏబీఎస్ పనిచేయడం లేదు, మామూలు బ్రేకులు మాత్రమే ఉన్నాయి. ఆ రోజు సాధన రద్దు. చక్రం దగ్గర సెన్సార్‌కి పట్టిన బురద గుడ్డతో తుడిస్తే ఒక్కోసారి సరిపోతుంది, లేదంటే సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లాలి.

జాగా

మొదటి పదిహేను రోజులకి రియల్ ఎస్టేట్ వెంచర్ రోడ్లని మించిన చోటు లేదు. హైదరాబాద్ చుట్టూ, విజయవాడ గుంటూరు మధ్య, ఇంకా జిల్లా కేంద్రాల శివార్లలో 30, 40 అడుగుల తారు రోడ్లు వేసి, ప్లాట్లు ఖాళీగా ఉన్న లేఅవుట్లు ఎన్నో ఉన్నాయి. వాచ్‌మన్‌కి చెప్పి, ఒప్పుకుంటేనే వెళ్లండి. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీసు రోడ్లు మొదటి సాధనకి పనికిరావు. ఓఆర్ఆర్ అసలు రోడ్డు మీదికి టూ వీలర్లని రానివ్వరు, పక్కన సర్వీసు రోడ్డు మీద ఆగి ఉన్న లారీలు, రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లు ఎక్కువ.

కనీసం 100 మీటర్ల సూటి రోడ్డు కావాలి: వేగం అందుకోడానికి 50, ఆగడానికి 30, మిగతాది పొరపాటుకి. ముందుగా ఆ దారంతా నడిచి చూడండి. వెంచర్ రోడ్ల మీద గాలికి కొట్టుకొచ్చిన సన్న ఇసుక తారులో కలిసిపోయి కనపడదు. చెప్పుతో గీస్తే తెలుస్తుంది. ఒక చీపురు పట్టుకెళ్లి మీ చక్రాలు పోయే దారి మేర ఊడవడం అతిజాగ్రత్తేం కాదు. బ్రేకు మొదలుపెట్టాల్సిన చోట ముగ్గుపిండితో గుర్తు పెట్టుకోవచ్చు, కానీ రోడ్డు అంచున మాత్రమే. టైరు పోయే దారిలో ముగ్గు పోస్తే అదే జారుడు. కోన్లకి బదులు సగానికి కోసిన టెన్నిస్ బంతులు వాడండి, ఇటుకలూ రాళ్లూ ఎప్పుడూ వద్దు. సందు రోడ్లు కలిసే చోట ఒక మనిషిని నిలబెట్టాలి.

ఐఎస్ఐ మార్కు ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్, పిడికిలి కాచే గ్లవ్స్, మోచేతులకీ మోకాళ్లకీ గార్డులు, చీలమండ కప్పే బూట్లు. చెప్పులేసుకుని ఈ సాధన చేయొద్దు.

నొక్కడం ఎలా

20 కి.మీ. వేగంతో మొదలుపెట్టండి. ముందు బ్రేకుని గబుక్కున లాగేయడానికీ, పిండడానికీ ఉన్న తేడా మొదటి అర సెకనులో ఉంది. లివర్ మొదట ఖాళీగా కొంచెం వస్తుంది. తర్వాత ప్యాడ్లు డిస్కుకి ఆనుతాయి. అప్పుడు ఫోర్కు కిందికి కుంగుతుంది, ముందు టైరు నేలకి అదుముకుని పట్టు పెరుగుతుంది. ఆ కుంగడం తెలిసిన తర్వాతే బలమంతా పెట్టాలి. నిమ్మకాయ పిండినట్టు, ఆగకుండా పెంచుకుంటూ పోవాలి. ఫోర్కు కుంగకముందే ఒక్క గుంజు గుంజితే బరువు ఇంకా ముందు టైరు మీదికి రాలేదు కాబట్టి అది జారబోతుంది, ఏబీఎస్ అందుకుని బ్రేకు వదిలిస్తుంది, ఆ వదిలినంత మేర దూరం పెరుగుతుంది. పడిపోరు కానీ ఆలస్యంగా ఆగుతారు. ఎన్160లో 37 ఎంఎం ఫోర్కు ఈ కుంగడాన్ని తొందరపడకుండా చూపిస్తుంది. నేర్చుకునేవాళ్లకి ఇది మంచి గుణం.

మొదటి నాలుగు రోజులు నాలుగు వేళ్లతో నొక్కండి. లివర్ బలం తెలిశాక చూపుడు, నడిమి వేళ్లు రెండు చాలు, 300 ఎంఎం డిస్కుకి అంతకన్నా అక్కర్లేదు. మిగతా రెండు వేళ్లూ యాక్సిలరేటర్‌ని పూర్తిగా మూసి పట్టుకోవాలి. మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా నొక్కితే ఒళ్లు ముందుకి జారదు, చేతుల మీద బరువు పడదు. చూపు ఎదురుగా దూరంగా ఉండాలి. ముందు చక్రాన్ని చూస్తే బండి అటే తూలుతుంది.

20 వేగంలో పదిసార్లు తిన్నగా ఆగగలిగాక 30, ఆ తర్వాత 40. ప్రతిసారీ ఆగేటప్పటికి క్లచ్ పట్టి ఉండాలి, గేరు ఒకటిలో ఉండాలి, ఎడమకాలు నేల మీద, కళ్లు అద్దంలో. ఎందుకంటే నిజం రోడ్డు మీద మీరు ఆగారు కానీ వెనక టిప్పర్ ఆగలేదు. ఒకటో గేరులో ఉంటే పక్కకి తప్పుకునే వీలుంటుంది. అసలు అపాయంలో క్లచ్‌ని బ్రేకుతో పాటే పట్టేయండి. ఇంజిన్ వల్ల తగ్గే వేగం కోసం ఎదురుచూడనక్కర్లేదు, బండి ఆఫ్ అయిపోకుండా ఉంటే చాలు.

ఏబీఎస్ వస్తే చెయ్యి వదలకుండా ఉండటం

ఈ ఒక్క పని కోసమైనా డ్యూయల్ ఛానల్ బండి కొనొచ్చు. వెనకతో మొదలుపెట్టండి. 30 వేగంలో, సూటిగా, వెనక పెడల్ ఒక్కటే కసుక్కున తొక్కండి. పెడల్ పాదం కింద తిరగబడినట్టు టకటకా కొడుతుంది, కింద నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది. కొత్తవాళ్లందరూ సరిగ్గా ఆ క్షణాన కాలు తీసేస్తారు, ఏదో విరిగిందనుకుని. తీయకూడదు. ఆ టకటకలు వస్తుండగానే బండి పూర్తిగా ఆగేదాకా తొక్కి ఉంచడమే సాధన. పది సార్లు చేస్తే కాలికి ఆ కొట్టుడు మామూలైపోతుంది.

ముందు బ్రేకుతో ఇదే పని 30లో, తర్వాత 40లో చేయాలి. లివర్ వేళ్ల కింద సన్నగా అదురుతుంది. వదలొద్దు. ఏబీఎస్ అన్నది చక్రం లాక్ కాబోతే బ్రేకు వదిలి, మళ్లీ పట్టుకునే పనిని సెకనుకి చాలాసార్లు చేస్తుంది. మీరు కూడా చెయ్యి వదిలితే మళ్లీ పట్టుకునేందుకు దానికి ఒత్తిడే మిగలదు. నడక వేగానికి దిగాక ఏబీఎస్ పక్కకి తప్పుకుంటుంది కాబట్టి చివరి మీటరులో చక్రం కీచుమని ఆగొచ్చు, భయపడొద్దు. హ్యాండిల్ మాత్రం సూటిగా ఉండాలి. హ్యాండిల్ తిరిగి ఉండగా ఆగితే బండి పక్కకి ఒరిగిపోతుంది, నిలబడ్డ చోట పడిపోవడాలన్నీ దాదాపు ఇలాంటివే.

ఒక పూటకి పదీ పన్నెండు గట్టి బ్రేకులు చాలు. తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా తిప్పి డిస్కుల్ని చల్లారనివ్వండి. ముప్పావుగంట దాటితే వేళ్లు అలిసిపోతాయి, అప్పుడు నేర్చుకునేవన్నీ తప్పుడు అలవాట్లే.

తప్పించడం

ఆగే దూరం లేనప్పుడు పక్కకి తప్పించాలి. ఇందులో రెండు ముక్కలు ఉన్నాయి, కలపకూడదు. బ్రేకు వేస్తే వేయాలి, వదిలితే వదలాలి, ఆ తర్వాతే వాల్చాలి. ఎన్160 ఏబీఎస్‌కి బండి వాలిందో లేదో తెలియదు. సూటిగా ఉన్నప్పుడు మాత్రమే దాని కాపలా పూర్తిగా ఉంటుంది. వాలి ఉండగా గట్టిగా పట్టేస్తే ఏబీఎస్ ఉన్నా ముందు టైరు జారిపోవచ్చు.

కుడికి పోవాలంటే కుడి గ్రిప్పుని ముందుకి తోయాలి. చదవగానే తలకిందులుగా ఉంటుంది కానీ 25 దాటిన వేగంలో రెండు చక్రాల బండి తిరిగేది అలాగే. మెల్లగా 30లో పోతూ కుడి అరచేత్తో గ్రిప్పుని కొంచెం ముందుకి నొక్కి చూస్తే బండి కుడికి వాలడం వెంటనే తెలుస్తుంది. తర్వాత బంతులతో ఒకటిన్నర మీటర్ల ద్వారం పెట్టి, దాన్ని దాటాక 10 మీటర్ల దూరంలో ఒకటిన్నర మీటర్ల వెడల్పు అడ్డంకి పెట్టండి. 30 వేగంలో ద్వారం దాటగానే కుడికి ఒక నొక్కు, అడ్డంకి దాటగానే ఎడమకి ఒక నొక్కు, మళ్లీ సూటిగా. 30 అంటే సెకనుకి 8 మీటర్ల పైచిలుకు, అంటే మీ చేతిలో ఉన్నది సెకనుకి కొంచెం ఎక్కువ. నాలుగైదు రోజులయ్యాక 40కి పెంచండి, అడ్డంకిని 14 మీటర్లకి జరపండి. చూపు ఖాళీ వైపు ఉండాలి. అడ్డంకిని చూసినవాళ్లు దాన్ని గుద్దుతారు, టెన్నిస్ బంతుల సాక్షిగా ఇది ప్రతి సాధనలో కనపడుతుంది.

మన రోడ్ల మీద బండి ఓడిపోయే చోట్లు

గుర్తులేని స్పీడ్ బ్రేకర్ మొదటిది. బ్రేకు పట్టి ఉండగా గూని మీద చక్రం గాల్లోకి లేస్తే ఏబీఎస్ దాన్ని లాక్ అనుకుని బ్రేకు వదులుతుంది. ఒక్క క్షణం బండికి బ్రేకే లేనట్టు అనిపిస్తుంది. అంతేకాదు, కుంగిపోయిన ఫోర్కుతో గూనిని కొడితే దెబ్బంతా చేతులకీ తలకీ వస్తుంది. సరైన పద్ధతి: గూని దాకా ఎంత వీలైతే అంత గట్టిగా ఆపు, చక్రం తగలబోయే ముందు బ్రేకు వదులు, ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేచి నిలబడు. గుంతకీ ఇదే పద్ధతి.

ఇసుక రెండోది. ఇసుక ట్రాక్టర్లు తిరిగే దారుల్లో మలుపుల దగ్గర, రోడ్డు అంచున వేలెడు మందాన పేరుకుని ఉంటుంది. ఇసుకలో, కంకరలో ఏబీఎస్ ఆగే దూరాన్ని పెంచుతుంది, తగ్గించదు. లాక్ అయిన చక్రం ఇసుకని తన ముందు కుప్పగా తోసుకుంటూ ఆగుతుంది, తిరిగే చక్రానికి ఆ వీలు లేదు. మోడ్‌లు ఉన్న వేరియంట్‌లో ఆఫ్‌రోడ్ ఉన్నది ఇలాంటి చోట్ల కోసమే. ఊళ్లోకి రాగానే రోడ్‌కి మార్చడం మరిచిపోవద్దు. సాధన కూడా రోజూ వాడే మోడ్‌లోనే చేయండి, ఒక మోడ్‌లో నేర్చుకుని ఇంకో మోడ్‌లో తిరిగితే వేళ్ల లెక్క తప్పుతుంది.

వాన. తొలకరిలో రోడ్డు మీద పట్టిన నూనె తేలి వస్తుంది, మొదటి పది ఇరవై నిమిషాలు అన్నిటికంటే చెడ్డవి. జీబ్రా గీతలు, ఫ్లైఓవర్ మీద ఇనుప జాయింట్లు, మ్యాన్‌హోల్ మూతలు సబ్బు రాసినట్టుంటాయి. తడిలో ఏబీఎస్ ఈ బండికి నిజంగా గొప్ప వరం, కానీ పడకుండా కాచడమే దాని పని, పట్టు తెచ్చి ఇవ్వడం కాదు. పొడి రోడ్డు మీద వదిలే ఎడానికి రెట్టింపు వదలండి. తడి సాధన మళ్లీ 20 నుంచి మొదలుపెట్టాలి.

ఇక వడ్లు. కోతలయ్యాక ఊళ్ల మధ్య రోడ్డు సగం మేర వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. గింజల మీద చక్రం గోలీల మీద నడిచినట్టే. అక్కడ బ్రేకు, వాలుడు, రేజు మూడూ వద్దు, ముందే వేగం తగ్గించి సూటిగా దాటాలి. పంట చుట్టూ పెట్టిన రాళ్లు ఎత్తేయకుండా వదిలేస్తారు కొన్నిసార్లు, రాత్రిపూట కప్పిన నల్ల టార్పాలిన్ తారులో కలిసిపోతుంది. ఆ నెలల్లో పల్లె రోడ్ల మీద చీకటి పడ్డాక 40 దాటకపోవడం ఒక్కటే దారి.

నిజం రోడ్డు మీదికి

వెంచర్ రోడ్డు మీద 40 నుంచి తిన్నగా, ఏబీఎస్ రాకుండానే, 10 మీటర్లకి అటూఇటూగా ఆగగలుగుతుంటే రోడ్డు మీదికి రావచ్చు. ట్రాఫిక్‌లో గట్టి బ్రేకులు కొట్టి చూడటం సాధన కాదు, వెనక వచ్చేవాడి ప్రాణంతో ఆట. రోడ్డు మీద చేయాల్సింది వేరు. ప్రతి సిగ్నల్ దగ్గరా మామూలుగా ఆగేటప్పుడే నేర్చుకున్న పద్ధతిలో ఆగడం: రెండు బ్రేకులూ, పిండుతూ, గేరు ఒకటికి, అద్దం. రోజుకి ముప్పై సిగ్నళ్లంటే ముప్పై సార్లు సాధన. అపాయం వచ్చినప్పుడు చెయ్యి చేసేది ఆ రోజువారీ అలవాటునే.

రెండోది, వేళ్లు లివర్ మీద ఆనించి ఉంచడం. ఎల్లప్పుడూ కాదు. డివైడర్ సందు, ఆగిన ఆర్టీసీ బస్సు, బడి గేటు, వరసగా నిలబెట్టిన ఆటోలు, ఇలాంటివి కనపడ్డప్పుడు. చెయ్యి గ్రిప్పు మీంచి లివర్‌కి పోయే ఆ కొంచెం సమయం మిగిలితే 60 వేగంలో నాలుగైదు మీటర్లు మిగిలినట్టే. డివైడర్ మీద ఏపుగా పెరిగిన గన్నేరు, కాగితంపూల చెట్ల వెనక నుంచి వచ్చే మనిషి తల కనపడదు, కాళ్లే ముందు కనపడతాయి. చూపు అక్కడ కింద ఉండాలి.

కుక్క అడ్డమొస్తే సూటిగా బ్రేకే, తప్పించే ప్రయత్నం వద్దు, అది ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. గేదె అయితే ఆగాలి, ఆగలేకపోతే తోక వైపు నుంచి పోవాలి, గేదె ముందుకే నడుస్తుంది కానీ వెనక్కి నడవదు. అయితే దాని వెనకే ఇంకో గేదె ఉందేమో చూడాలి, మందలో ఒక్కటే ఎప్పుడూ రాదు. రాంగ్ రూట్‌లో ఎదురుగా బండి వస్తే ముందు ఆపడం, తర్వాత ఎడమకి జరగడం. ఎడమ అంచున ఇసుక ఉంటుందన్నది గుర్తుండాలి.

వెనక మనిషి ఉంటే లెక్కలన్నీ మారతాయి. ఒప్పుకున్న పెద్దవాళ్లని, హెల్మెట్ పెట్టి, కాళ్లు రెండువైపులా వేసి కూర్చోబెట్టుకుని 30 లోపు వేగంలో నాలుగైదు సార్లు ఆగి చూడండి. వాళ్ల బరువు మీ వీపు మీద పడి చేతులు మడతపడటం అప్పుడే తెలుస్తుంది. వెనక చక్రం మీద బరువు ఉంటుంది కాబట్టి వెనక బ్రేకు మామూలుకన్నా ఎక్కువ పనిచేస్తుంది. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చున్న అమ్మనో అత్తనో పెట్టుకుని ఈ సాధన ఎప్పుడూ చేయొద్దు, వాళ్లకి పట్టుకోడానికి సరైన ఆధారమే ఉండదు. వాళ్లు వెనక ఉన్నప్పుడు చేయగలిగింది ముందు బండికి రెట్టింపు ఎడం వదలడం, వేగం తగ్గించడం.

ఇంట్లో ఇంకో బండి ఉండి, అది సీబీఎస్ (ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకీ కలిపి పట్టేది, ఏబీఎస్ కాదు) స్కూటరో, సింగిల్ ఛానల్ బైకో అయితే వెనక బ్రేకు కసుక్కున తొక్కే సాధన దాని మీద వద్దు, లాక్ అవుతుంది. నిమ్మకాయ పిండినట్టు నొక్కే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే.

కొనేవాళ్లకి

డ్యూయల్ ఛానల్ తప్ప వేరేది చూడొద్దు. మోడ్‌లు ఉన్న పై వేరియంట్ కంకర, మట్టి రోడ్ల మీద తరచుగా తిరిగేవాళ్లకి పనికొస్తుంది, పూర్తిగా సిటీలో తిరిగేవాళ్లకి 37 ఎంఎం ఫోర్కు ఉన్నదే చాలు. దాంతో మిగిలిన డబ్బు మంచి గ్లవ్స్, బూట్లకి పెట్టండి.

సెకండ్ హ్యాండ్‌లో అయితే నాలుగు చూడండి. ఏబీఎస్ లైటు పైన చెప్పినట్టు వెలిగి ఆరుతోందా. బ్రేకు ఆయిల్ డబ్బాలో లేత రంగులో ఉందా, టీ డికాషన్ రంగుకి తిరిగిందా. తిరిగితే, లేదా రెండేళ్లు దాటితే, డాట్ 4 రకం ఆయిల్ కొత్తది పోయించి, బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించాలి. డిస్కు మీద చెక్కి ఉండే కనీస మందం అంకె కన్నా డిస్కు అరిగిందా, అంచున గోరు తగిలేంత మెట్టు పడిందా. చివరగా టైరు పక్కన అండాకారపు గడిలో ఉండే నాలుగంకెలు: 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైంది. ట్రెడ్ ఎంత లోతుగా కనపడినా ఐదేళ్లు దాటి గట్టిపడిన టైరు మీద పైన చెప్పిన సాధనలేవీ మొదలుపెట్టకండి. టైర్లు మార్పించి, 150 కి.మీ. మెల్లగా తిప్పి, ఆ తర్వాత 20 వేగం నుంచి.